కొయ్య మీద అడవి: ఏ జంతువుకు ఎంత లోతు, ఏ కర్ర, ఏ ఉలి?

చెక్క మీద అడవి దృశ్యం చెక్కాలన్న కోరిక పుట్టగానే చాలామంది చేసే మొదటి పని టింబర్ డిపోకి వెళ్లి మంచి టేకు పలక ఒకటి తెచ్చుకోవడం. తర్వాత ఆన్‌లైన్‌లో పన్నెండు ఉలుల సెట్టు. ఇంతకీ ఆ పలక మీద ఏనుగు రావాలా, కృష్ణజింక రావాలా, కొంగల గుంపు రావాలా అన్నది ఆఖరున తేలుతుంది. నా ఉద్దేశంలో ఈ వరస పూర్తిగా తిరగబడాలి. ముందు జంతువు. జంతువును బట్టి లోతు. లోతును బట్టి కర్ర. కర్రను బట్టి ఉలులు. ఇలా వెళితే డబ్బు తక్కువవుతుంది, మొదలుపెట్టిన పలక సగంలో అటకెక్కకుండా ఉంటుంది.

ఇక్కడ రాసింది ముఖ్యంగా చేత్తో చెక్కాలనుకునేవాళ్ల కోసం. గట్టి బల్ల, రెండు క్లాంపులు, పక్క నుంచి వెలుతురు పడే కిటికీ ఉంటే పని మొదలుపెట్టొచ్చు. ఆర్డరిచ్చి చేయించుకునేవాళ్లు చూసుకోవాల్సిన సంగతులు చివర్లో ఉన్నాయి.

లోతు ఎంత?

ఉబ్బెత్తు చెక్కడంలో, అంటే రిలీఫ్‌లో, బొమ్మ చుట్టూ ఉన్న కర్రను కిందికి దించుతాం, బొమ్మ పైకి తేలుతుంది. ఎంత దించుతామన్నదాన్ని బట్టి మూడు దారులున్నాయి.

పల్చటి రిలీఫ్‌లో అంగుళం మందం పలక తీసుకుని 8 నుంచి 10 మిల్లీమీటర్ల లోపే పని ముగిస్తాం. జంతువు ఒంటి మందంలో సగం కన్నా తక్కువే పైకి వస్తుంది, మిగతాది వెలుగునీడలు చూసుకుంటాయి. రూపాయి నాణెం మీది సింహాలు ఈ కోవలోవే. హై రిలీఫ్‌లో పలక మందం 2 నుంచి 3 అంగుళాలు ఉంటుంది. సగానికి పైగా ఒళ్లు బయటికి వస్తుంది. కొమ్ముల కొనలు, తొండం, కొమ్మ మీది పిట్ట వెనక తలాన్ని వదిలేసి గాల్లో నిలబడతాయి. వాటి వెనక్కి ఉలి దూర్చి తొలవాలి. మూడోది జాలీ పని. బొమ్మకు అక్కర్లేని చోట పలకను పూర్తిగా కోసి తీసేస్తాం. కిటికీ ముందు, రెండు గదుల మధ్య తడికగా ఇది బాగుంటుంది కానీ అడవి దృశ్యానికి అంతగా నప్పదు. వెనక కొండలు, దూరపు చెట్లు చూపించడానికి అసలు తలమే మిగలదు.

కాబట్టి అసలు పోటీ మొదటి రెండింటి మధ్యే. చూడగానే హై రిలీఫ్ గొప్పగా కనిపిస్తుంది. అయితే హై రిలీఫ్ చేతికి కష్టం, పల్చటి రిలీఫ్ కంటికి కష్టం. హై రిలీఫ్‌లో ఏనుగు పొట్ట నిజంగానే గుండ్రంగా ఉంటుంది, ఉన్నది ఉన్నట్టు చెక్కితే చాలు, కాకపోతే తీయాల్సిన కర్ర మూడు నాలుగు రెట్లు ఎక్కువ. పల్చటి రిలీఫ్‌లో అదే పొట్టను ఐదారు మిల్లీమీటర్లలో గుండ్రంగా ఉన్నట్టు నమ్మించాలి. అయినా కొత్తవాళ్లకు నేను పల్చటిదే చెబుతాను. పలక ఖర్చు తక్కువ, ఉలులు తక్కువ, గీత తప్పితే మరో పలక మీద మళ్లీ మొదలుపెట్టడానికి మనసు ఒప్పుతుంది. మధ్యలో అనుమానం వస్తే బంకమట్టితో అదే లోతులో ఒకసారి చేసి చూసుకోవచ్చు.

ఉన్న లోతును పంచుకునే పద్ధతి ముఖ్యం. 10 మిల్లీమీటర్లు ఉన్నాయంటే అన్నిటికీ సమానంగా పంచకూడదు. ముందున్న జంతువుకు 6, నడిమి చెట్లకు 3, దూరపు కొండకు 1. కొండ మీద ఉలి గీరినట్టు మాత్రమే ఉండాలి. కొండకూ జింకకూ ఒకే లోతు ఇచ్చిన పలకలో కొండ జింక నెత్తి మీద కూర్చున్నట్టు ఉంటుంది. ఒకదాని ముందు ఒకటి వచ్చేలా అమర్చుకోవడం ఇంకా ముఖ్యం. అమరావతి స్తూపం సున్నపురాతి శిల్పాల్లో దీన్ని చూసి నేర్చుకోవచ్చు. చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్న నలగిరి ఏనుగు శిల్పంలో ఒకే గుండ్రటి చట్రంలో ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది, ఒకసారి జనం మీద విరుచుకుపడుతూ, ఒకసారి బుద్ధుడి ముందు మోకరిల్లుతూ. అంత జనం అంత చిన్న చోట ఇమిడారంటే ఎవరి వెనక ఎవరున్నారో స్పష్టంగా తెలియడం వల్లే. కర్ర మీదా అంతే. జింక కాలు ముందు గడ్డి దుబ్బు ఒకటి పెడితే రెండు మిల్లీమీటర్లు అదనంగా తవ్వినంత ఫలితం వస్తుంది.

పలక ఎక్కడ వేలాడుతుందో ముందే ఆలోచించండి. పల్చటి రిలీఫ్‌కు పక్క నుంచి వెలుతురు కావాలి. ట్యూబ్‌లైటు నేరుగా మొహం మీద పడే గోడకు తగిలిస్తే ఎంత బాగా చెక్కినా బల్లపరుపుగా కనిపిస్తుంది. హై రిలీఫ్ ఎక్కడైనా నిలబడుతుంది, కానీ వెనక తొలిచిన సందుల్లో దుమ్ము చేరుతుంది. రోడ్డు పక్క ఇల్లైతే, వంటగది దగ్గరైతే, నూనె జిడ్డుతో కలిసిన ఆ దుమ్మును పెయింటింగ్ బ్రష్షుతో వారం వారం దులపాల్సిందే. ఈ ఓపిక ఉందా లేదా అన్నదీ ఎంపికలో భాగమే.

ఏ జంతువు, ఎటు తిరిగి?

మొదటి పలకకు ఏనుగును మించింది లేదు. పెద్ద పెద్ద గుండ్రాలు, మందపాటి కాళ్లు, మరీ సున్నితమైన భాగాలు లేవు. చర్మం ముడతలు ఉలి జాడలతోనే వచ్చేస్తాయి. పక్క నుంచి నడుస్తున్నట్టు చెక్కితే చెవి ఒక తలం, తల ఒక తలం, ఒళ్లు ఒక తలం, మూడు మెట్లుగా విడిపోతుంది. కొత్తవాళ్లు నేర్చుకోవాల్సింది సరిగ్గా ఆ మెట్లే. ఏనుగు వద్దనుకుంటే గూడబాతు. నేలపట్టులో నీళ్లలో నిలిచిన చెట్ల మీద గూళ్లు కట్టుకునే ఆ పక్షి ముక్కు, సంచి, మడిచిన రెక్క మూడూ స్పష్టమైన ఆకారాలు. ఈకలన్నీ చెక్కనక్కర్లేదు, రెక్క అంచున ఓ పది చాలు.

కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కాబట్టి చాలామందికి దాని మీద మోజు. అందులో ఇబ్బంది కొమ్ముల దగ్గర. మగదాని కొమ్ములు పొడవుగా, మెలికలు తిరిగి, విడివిడిగా పైకి పోతాయి. పల్చటి రిలీఫ్‌లో కొమ్ము వెనక తలానికి అతుక్కునే ఉంటుంది కాబట్టి భయం లేదు. హై రిలీఫ్‌లో అదే కొమ్మును వెనక నుంచి విడదీయగానే దాని బలమంతా నార మీద, అంటే కర్రలో పీచు సాగే దిశ మీద, ఆధారపడుతుంది. నార కొమ్ము పొడవునా పోతే నిలుస్తుంది, అడ్డంగా పోతే ఉలి తగిలీ తగలకముందే విరుగుతుంది. అందుకని కృష్ణజింకను హై రిలీఫ్‌లో చేసేటట్టయితే పలకను నిలువు నారతో పెట్టుకోవాలి. పరుగెత్తే మంద అడ్డంగా సాగే దృశ్యమైతే కాళ్లను గడ్డిలో, దుమ్ములో సగం కప్పేయాలి. పులికాట్‌కు వచ్చే రాజహంసల కాళ్లకూ ఇదే వర్తిస్తుంది. అంత సన్నటి కాళ్లు పల్చటి రిలీఫ్‌కే అందం.

పులి సంగతి వేరే. పక్క నుంచి నడిచే పులి పల్చటి రిలీఫ్‌లో బాగా వస్తుంది. ఎదురుగా మన వైపే చూసే పులి ముఖం రాదు. మూతి ముందుకు, కళ్లు లోపలికి, చెవులు ఇంకా వెనక్కి ఉంటాయి. ఈ దూరమంతా 10 మిల్లీమీటర్లలో కుదిస్తే ముఖం అప్పచ్చిలా తయారవుతుంది. నల్లమల పులి మన కళ్లలోకి చూస్తున్నట్టే కావాలంటే 2 అంగుళాల పలక కొనాల్సిందే.

పులికి ఇంకో చిక్కు చారలు. అవి రంగు, ఆకారం కాదు. వి-ఉలితో (అంచు V ఆకారంలో ఉండే ఉలి) గాడి తీసి చార అంటే అది ఒంటి మీద గాటులా కనిపిస్తుంది. చుక్కల దుప్పి చుక్కలదీ ఇదే కథ. రెండు మార్గాలున్నాయి. చారలు పడే చోట వెంట్రుకలను కాస్త లోతుగా, దగ్గర దగ్గరగా గీసి, మిగతా చోట నునుపుగా వదిలేయడం ఒకటి. వేడి పెన్నుతో చారలను పల్చగా కాల్చడం రెండోది. నాకు మొదటిదే నచ్చుతుంది, పక్క వెలుతురులో చార దానంతటదే ముదురుగా తేలుతుంది. దుప్పి విషయంలో అయితే చుక్కలను వెన్ను వెంట ఒక వరస మాత్రం చిన్న గుంటలుగా పెట్టి మిగతావి వదిలేయండి. చూసేవాళ్ల కన్ను మిగతాది నింపుకుంటుంది.

కర్ర

టేకు ఎందుకు మొదటి కర్ర కాకూడదో చెబుతాను. మన్నికలో టేకును అనడానికేం లేదు. చెదలు పట్టదు, వానాకాలం ఎండాకాలం మారినా పెద్దగా కదలదు, గుమ్మానికీ తలుపుకూ అదే సరైనది. చెక్కేవాడికి మాత్రం రెండు ఇబ్బందులు. టేకులో సిలికా ఉంటుంది, అది ఉలి అంచును తినేస్తుంది. గంటకోసారి పదును చూసుకోవాలి. రెండోది, టేకు వలయాల్లో ఏటా మొదట పెరిగిన పట్టీలో రంధ్రాలు పెద్దవి. జింక కన్ను 8 మిల్లీమీటర్లు ఉందనుకోండి, కనురెప్ప అంచు సరిగ్గా ఆ రంధ్రాల పట్టీ మీద పడితే ఉలి ఎంత పదునుగా ఉన్నా పొడిపొడిగా రాలిపోతుంది. అందుకే టేకు మీద బొమ్మ దించేముందు పలకను తడిగుడ్డతో తుడిచి పట్టీలు ఎక్కడున్నాయో చూసి, కళ్లూ ముక్కూ వాటి మీద పడకుండా కాగితాన్ని కాస్త ఇటో అటో జరుపుకోవాలి. టేకు గీతలు పల్చటి రిలీఫ్‌తో పోటీ పడతాయి కూడా. ఏనుగు, ఎలుగుబంటి, అడవిదున్న లాంటి పెద్ద ఆకారాలు, కాస్త లోతైన పని, బయట పెట్టే పలక అయితే టేకు. చిన్న పక్షులు, ముఖాలు అయితే వద్దు.

నేర్చుకునే కర్రగా నా ఓటు గుమ్మడి టేకుకు. లేత గడ్డిరంగు, తేలిక, ఆరాక వంకర పోవడం తక్కువ, సుత్తి లేకుండా చేత్తో తోసినా ఉలి దిగుతుంది. కోత మిల్లుల్లో అడిగితే దొరుకుతుంది, ధర టేకు దరిదాపుల్లో ఉండదు. గీతలు మెత్తగా ఉంటాయి కాబట్టి నీడలు చక్కగా కనిపిస్తాయి. లోపం లేదని కాదు. కొన్ని పలకల్లో నార అల్లుకుని ఉంటుంది, వెనక తలం చదును చేసేటప్పుడు ఒక గీత సాఫీగా వచ్చి పక్క గీత పెళ్లగిలుతుంది. అలాంటి చోట ఉలిని ఏటవాలుగా, నారకు అడ్డంగా నడపాలి.

పనస గురించి ఎవరూ ఎక్కువ చెప్పరు, అది నాకు బాధ. బొబ్బిలి వీణలు తయారయ్యేది పనస కర్రతోనే, ఒకే దుంగను తొలిచి, పైన నగిషీ చెక్కి. ఉత్తరాంధ్రలో ఉన్నవాళ్లకు ఇది చేతికందే దూరంలో ఉంది. గుమ్మడి టేకు కన్నా గట్టిది, అంచులు నిలబడతాయి, చెక్కినప్పుడు పసుపుగా ఉండి వెలుతురు తగిలేకొద్దీ తేనెరంగు, ఆపైన గోధుమరంగుకు తిరుగుతుంది. హై రిలీఫ్‌కు, కొమ్ములూ కొమ్మలూ ఉన్న దృశ్యాలకు మన దగ్గర దొరికేవాటిలో దీన్నే ముందు పెడతాను. చేవ కర్ర మాత్రమే తీసుకోండి, తెల్లటి పైకర్రకు పురుగు పడుతుంది.

కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి గురించి చాలామంది అడుగుతారు. నిర్మల్ బొమ్మలకూ ఆ కర్రే. చాలా తేలికైనది, మెత్తనిది. అంబారీ ఏనుగు అంత ముచ్చటగా వస్తోంది కదా, రిలీఫ్‌కు ఎందుకు పనికిరాదని అనిపించవచ్చు. పనికొస్తుంది, కాకపోతే రంగు వేసే పలకకు. కొండపల్లి కళాకారులు ముక్కలు విడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సాపు చేసి, రంగులు వేస్తారు. ఆ కర్ర అందం ఆ పద్ధతిలో ఉంది. రంగు లేకుండా నార కనిపించేలా చెక్కితే పొణికి అంచులు నలుగుతాయి, వెంట్రుకల గీతలు పీచు లేస్తాయి. ఏటికొప్పాక లక్కబొమ్మల అంకుడు కర్ర ఇందుకు తిరగబడ్డ సంగతి. నునుపు, తెలుపు, సన్న నార, చిన్న పని అద్భుతంగా నిలుస్తుంది. కానీ చెట్టు లావు తక్కువ, వెడల్పు పలక రాదు. అరచేతి వెడల్పులో ఒక పాలపిట్టను చెక్కాలంటే మాత్రం ఇది వెతుక్కోవచ్చు.

శీషం, జిట్రేగి (రోజ్‌వుడ్) బరువైనవి, గట్టివి. సుత్తి లేకుండా పని జరగదు. చెక్కాక వచ్చే నిగారింపుకు మాత్రం సాటి లేదు. వీటి పొడి కొందరికి చర్మం మీద దురద, తుమ్ములు తెస్తుంది, మాస్కు పెట్టుకోవాలి. చేయి తిరిగాక చూడండి. మామిడి, వేప ఉచితంగా దొరుకుతాయి, రెండింటి నారా అల్లికే, పాత్రలకూ పీటలకూ సరే, జింక ముఖానికి కాదు. ప్యాకింగ్ పెట్టెల పైన్ అసలొద్దు. ప్రతి వలయంలో మెత్త పట్టీ, గట్టి పట్టీ పక్కపక్కనే ఉంటాయి. ఉలి మెత్తదాన్ని నలిపి, గట్టిదాన్ని ఎగరగొడుతుంది. పైన్ మీద మొదలుపెట్టి తమకు ఈ విద్య రాదనుకుని మానేసినవాళ్లను చూశాను, తప్పు వాళ్లది కాదు, కర్రది. కర్రపీచును జిగురుతో అదిమి చేసే ఎండీఎఫ్‌కు నారే ఉండదు కాబట్టి దాని మీద నేర్చుకున్నది కర్ర మీద పనికిరాదు, పొడి కూడా ఊపిరికి మంచిది కాదు.

ఎర్రచందనం జోలికి వెళ్లొద్దు. తిరుపతి దగ్గర మాధవమాల చెక్కడపు పనివాళ్ల చేతిలో ఆ కర్ర అందం చూసినవాళ్లకు కోరిక కలగడం సహజం. అది శేషాచలం, ఆ చుట్టుపక్కల కొండల్లో తప్ప సహజంగా పెరగని చెట్టు. నరకడానికీ తరలించడానికీ అటవీశాఖ అనుమతి తప్పనిసరి. బిల్లు లేని ముక్క ఎవరిచ్చినా తీసుకోకండి. అడవి బొమ్మ చెక్కడానికి అడవిని దొంగిలించిన కర్ర వాడటం నా మనసుకు ఒప్పదు.

అమెరికాలో, యూరప్‌లో ఉన్న మనవాళ్లకు ఎంపిక తేలిక. నేర్చుకోవడానికి బాస్‌వుడ్, చేయి కుదిరాక బటర్‌నట్ లేదా బ్లాక్ వాల్‌నట్. కర్ర గట్టిదనాన్ని కొలిచే జంకా లెక్కలో బాస్‌వుడ్ సుమారు 410 పౌండ్లు, వాల్‌నట్ సుమారు 1,010, టేకు సుమారు 1,070. బాస్‌వుడ్ కుటుంబానికే చెందిన యూరప్ లైమ్ కర్ర మీదే 17వ శతాబ్దంలో గ్రిన్లింగ్ గిబ్బన్స్ ఇంగ్లండులో పక్షులనూ పూలనూ దాదాపు గాల్లో తేలేలా చెక్కాడు. స్విట్జర్లాండులోని బ్రీన్జ్ ఊరి ఎలుగుబంటి చెక్కడాలదీ అదే సంప్రదాయం. అక్కడ 1884లో మొదలైన చెక్కడపు బడి ఇప్పటికీ నడుస్తోంది. ఇండియాలో బాస్‌వుడ్ హాబీ దుకాణాల్లో చిన్న ముక్కలుగా దొరుకుతుంది, పెద్ద పలకకు దిగుమతి ధర పెట్టడం దండగ. కాశ్మీరు వాల్‌నట్ దొరికితే మాత్రం ఆలోచించకుండా తీసుకోండి. సన్న నార, ముదురు రంగు, ఎంత చిన్న ఈకనైనా పట్టుకునే గుణం. చిరుత, గుడ్లగూబ లాంటి రాత్రి జీవులకు ఆ రంగు అద్భుతంగా నప్పుతుంది.

ఏకపలకా, అతుకులా?

రెండడుగుల వెడల్పు ఏకపలక చూడ్డానికి గర్వంగా ఉంటుంది, కానీ వంగుతుంది. కర్ర వలయాల వెంట కుంచించుకునేది, వలయాలకు అడ్డంగా కుంచించుకునేదానికి రమారమి రెట్టింపు, అందుకే వెడల్పు పలక దోసిలిలా లేస్తుంది. ఒక వైపు మాత్రమే చెక్కి తీయడం వల్ల రిలీఫ్ పలకకు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. నాలుగేసి అంగుళాల పట్టీలను పక్కపక్కన అతికించిన పలక నిలకడగా ఉంటుంది. అతికేటప్పుడు నార అన్నిటిలో ఒకే వైపు వాలేలా చూడమని వడ్రంగికి గట్టిగా చెప్పండి. లేకపోతే ఏనుగు పొట్ట మీద అతుకు దాటగానే ఉలి ఎదురు తిరుగుతుంది. అతుకు గీత ముఖం మీద రాకూడదు, మెడ మీదో చెట్టు మొదలు మీదో పడాలి.

ఆరిన కర్రేనా అన్నది డిపోవాళ్ల మాట మీద వదలొద్దు. అంగుళం మందానికి ఏడాది నీడలో ఆరాలన్నది పాత లెక్క. తెచ్చిన పలకను మీ ఇంట్లోనే, చెక్కే గదిలోనే, మూడు నాలుగు వారాలు నిలబెట్టి ఉంచండి. కాకినాడ గాలిలో ఉన్న పలక హైదరాబాదు ఏసీ గదికి వస్తే కదలడం ఖాయం, ఆ కదలికేదో చెక్కకముందే అయిపోవాలి. ఫ్రేములో బిగించేటప్పుడు జిగురు పెట్టకుండా గాడిలో వదులుగా కూర్చోబెడితే పగుళ్ల టెన్షన్ ఉండదు.

ఉలులు

పన్నెండు ఉలుల చవక సెట్టు కన్నా ఐదు మంచి ఉలులు మేలు. ఈ మాటలో నాకు ఏ సందేహమూ లేదు. వంపు ఉలుల మీద ఉండే నంబరు వంపు లోతును చెబుతుంది, 3 అంటే దాదాపు చదును, 11 అంటే నిలువు గోడల గాడి. పల్చటి రిలీఫ్‌కు వెడల్పాటి 3, నడి వెడల్పు 5, 7, సన్నటి 9 లేదా 11, ఒక 6 మిల్లీమీటర్ల వి-ఉలి, వీటికి తోడు కొన సన్నటి కత్తి ఒకటి. కన్ను, ముక్కు, ఈక అంతా వీటితోనే అవుతుంది. హై రిలీఫ్‌కు వంగిన మెడ ఉన్న ఉలి ఒకటో రెండో కలపాలి, సందుల్లోకి తిన్నటి ఉలి దూరదు.

ఎక్కడ కొనాలి? ఫైల్ (Pfeil), కిర్షెన్ (Kirschen) లాంటి కంపెనీల యూరప్ ఉలులు ఒక్కోటీ వేలల్లో ఉంటాయి, పెట్టెలోంచి తీయగానే గడ్డం గీసుకునేంత పదును. సహారన్‌పూర్ ఉలులు చవక, ఉక్కు చాలావాటిలో బాగానే ఉంటుంది, పదును మాత్రం మనమే పెట్టుకోవాలి. పదును పెట్టడం నేర్చుకోవడానికి ఓపిక ఉంటే సహారన్‌పూర్, ఓపిక లేకపోతే రెండు యూరప్ ఉలులతో మొదలుపెట్టి ఒక్కోటీ కలుపుకోండి. అరచేతిలో ఇమిడే పొట్టి ఉలులు గుమ్మడి టేకుకూ బాస్‌వుడ్‌కూ సరిపోతాయి. టేకు, పనస, శీషం అయితే పొడుగు పిడి ఉలి, కొయ్య సుత్తి ఉండాలి. ఇక్కడే కర్రను ముందు తేల్చుకోమన్న మాట అక్కరకొస్తుంది. పొట్టి ఉలుల సెట్టు కొన్నాక టేకు పలక తెచ్చుకుంటే రెండూ మూలన పడతాయి.

మెత్త కర్రకు అంచు కోణం 20 డిగ్రీలు, గట్టి కర్రకు 25 దాకా. సానరాయి మీద నూరాక తోలు పట్టీ మీద పేస్టు రాసి లాగాలి, పని మధ్యలో కూడా ప్రతి పదిహేను ఇరవై నిమిషాలకు. పదును సరిపోయిందా అన్నది వేలితో చూడకండి. వ్యర్థపు ముక్క మీద నారకు అడ్డంగా ఒక గాడి తీయండి. గాడి మెరుస్తూ ఉండాలి. దాని పొడవునా సన్నటి తెల్ల గీత కనిపిస్తే అంచులో చిన్న గాటు ఉందని అర్థం, మళ్లీ రాయి మీదికి.

ఉలి జాడా, గరుకు కాగితమా?

అడవి దృశ్యంలో ఉలి జాడ వదిలేయడమే నాకిష్టం. చిన్న చిన్న చెక్కుల మీద వెలుతురు విరిగి ఆకాశం, నీరు, రాళ్లు బతికినట్టుంటాయి. గరుకు కాగితంతో రుద్దితే అన్నీ ఒకే సబ్బు నునుపుకు వచ్చేస్తాయి. రుద్దాలనుకుంటే జంతువు ఒళ్లు మాత్రం రుద్దండి, నేపథ్యం వదిలేయండి, తేడా అందంగా ఉంటుంది. ఒకసారి కాగితం పెట్టాక ఆ చోట మళ్లీ ఉలి పెట్టకూడదు, ఇరుక్కున్న ఇసుక రేణువులు అంచును పాడుచేస్తాయి. కాబట్టి రుద్దడం మొదలుపెట్టేసరికి ఉలి పని ఒక్కటీ మిగలకూడదు.

వెంట్రుకలకు ఒకే పొడవు సమాంతర గీతలు తీస్తే దువ్వెన గుర్తుల్లా కనిపిస్తాయి. కండరం ఎటు తిరిగితే గీత అటు తిరగాలి, కొన్ని పొట్టి, కొన్ని పొడుగు, భుజం, మెడ, తోక దగ్గర చిక్కగా, పొట్ట మీద దాదాపు ఏమీ లేకుండా. ఒళ్లంతా గీతలతో నింపిన ఎలుగుబంటి కన్నా భుజం మీద గుప్పెడు గీతలున్న ఎలుగుబంటే బొచ్చుతో ఉన్నట్టు కనిపిస్తుంది.

పూతకు పెద్దగా ఆలోచించక్కర్లేదు. టేకు, పనస, వాల్‌నట్ మీద అవిసె నూనె రెండు పల్చటి పూతలు, ఆరాక తేనెమైనం. గుమ్మడి టేకు, బాస్‌వుడ్ నూనెను మచ్చలు మచ్చలుగా పీలుస్తాయి కాబట్టి ముందు లక్క పాలిష్‌ను స్పిరిట్‌తో పల్చగా కలిపి ఒక పూత వేసి తర్వాత మైనం. తళతళలాడే పీయూ (పాలీయురేథేన్) పూత మాత్రం వద్దు, మెరుపు నీడలను మింగేస్తుంది. అవిసె నూనె గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి ఆరుబయట ఆరేయాలి, లేదా నీళ్లలో వేయాలి.

చేయించుకునేవాళ్లకు

బజార్లో చేతిపని పేరుతో సీఎన్‌సీ పలకలు, అంటే కంప్యూటర్ నడిపే మిషన్ చెక్కినవి, అమ్ముతున్నారు. సీఎన్‌సీ చెడ్డదని కాదు, గుడి తలుపుకో హోటల్ గోడకో ఒకేలాంటివి ఇరవై కావాలంటే అదే సరైన దారి. చేతిపని ధర పెట్టి మిషన్ పని కొనకూడదన్నదే నా మాట. మామూలు మూడు అక్షాల మిషన్ పై నుంచి మాత్రమే దిగుతుంది, కొమ్ము వెనక, చెవి వెనక తొలవలేదు. వేలు పెట్టి చూడండి. సన్న మూలలన్నీ ఒకే గుండ్రంలో ఆగిపోతే, వెనక తలం మీద సమాన దూరంలో సన్నటి గీతలు వరసగా ఉంటే అది మిషన్ బిట్టు జాడ. రెండు జింకలు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నా అంతే. కొన్నిచోట్ల మిషన్ మీద దించి చేత్తో పైపైన మెరుగు పెడతారు. అదీ నిజాయితీ గల పద్ధతే, ఆ మాట ముందే చెప్పి ధర తగ్గిస్తే.

ఆర్డరిచ్చేటప్పుడు కర్ర పేరు, పలక మందం, వెనక తలం ఎంత లోతుకు దిగుతుంది అన్న మూడూ కాగితం మీద రాయించుకోండి. ఫొటో చూపించి ఇలాగే కావాలంటే చాలదు, ఫొటోలో లోతు తెలియదు. పలకను విదేశాల్లో పిల్లల దగ్గరికి పంపే ఆలోచన ఉంటే శీషం, జిట్రేగి మానుకోండి. ఆ రెండూ చేరిన డాల్‌బెర్జియా జాతి చెట్లన్నీ 2017 జనవరి నుంచి సైటిస్ (ప్రమాదంలో ఉన్న జాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) నిబంధనల కిందికి వచ్చాయి, బరువును బట్టి, దేశాన్ని బట్టి కాగితాలు అడగవచ్చు. టేకు ఆ జాబితాలో లేదు. ఏ కర్రయినా బెరడు ముక్క కూడా అంటుకుని ఉండకుండా, పురుగు రంధ్రం లేకుండా చూసి, డిపో బిల్లు జిరాక్సు పలక వెనక అంటించి పంపండి.